కిటికీలోంచి కనపడే మా కాలనీ

మంగళవారం, కర్నూలు

ఈ పొద్దు కొత్త అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో టైల్స్ వేస్తాంటే, ఫ్లాట్ కొననీకి ఒకామె వచ్చింది. కిటికీలోంచి మా సర్కారు కాలనీ చూసి మొగం చిట్లించుకునింది.

"ఇవెప్పుడు తీసేస్తారు?"

"రెండేండ్లలో ఖాళీ చేయిస్తారు మేడం" అన్నాడు మా ఇంజినీరు.

పట్టాలున్న ఇండ్లు ఖాళీ చేయించనీకి వీడెవడు? నాకు ఒళ్లు మండింది.

"మేముండేది ఆడనే మేడం. యాడికీ పోము" అంటి.

ఆమెకు సిగ్గన్నా లేదు. "అట్లయితే మాకొక పనిమనిషిని చూసిపెట్టు బాబూ" అనింది!

ఇంటికొచ్చి ఆ పనిమనిషి మాట అమ్మకు చెప్పి ఆ ఫ్లాట్ కొననీకొచ్చినామెను నోటికొచ్చినట్ల తిట్టినా. అమ్మ అంతా విని, "మూడో అంతస్తా? లిఫ్టు ఉండాదా నాయనా?" అని అడిగింది. ఆ కోపంలో అమ్మ మీద శానా అరిచినా. ఖాళీ చేయించే మాట మాత్రం చెప్పలేకపోతి.