చెప్పుల దగ్గర విన్న కచేరి

తిరుత్తణి, ఆడి నెల, ఆదివారం రాత్రి

నా బిడ్డ వల్లి ఇప్పుడే నిద్రపోయింది. చెవులు మూసుకున్న చేతులు ఇంకా తియ్యలేదు.

మద్రాసు డాక్టరు చెప్పిన ఆటిజం అనే మాటను ఈ పొద్దు కల్యాణ మండపంలో మైకులో విన్నాను. ఇట్లాంటి పిల్లోళ్ళకు బడి పెట్టేదానికని కచేరి. శృతిపెట్టె మోగినంతసేపూ వల్లి జంపఖానా మీద తల పెట్టి నవ్వుకుంటా ఉండింది. డోలు మొదలు కాగానే అరిచింది. కచేరి పెట్టినాయన వంగి మెల్లిగా చెప్పినాడు. "అక్కా, పాపను కొంచెం వెలుపలకి పిలుచుకొని పోండి. ఇంతమంది ఇట్లాంటి పిల్లోళ్ళ కోసరమే వచ్చిండారు, వాళ్ళకి పాట వినపడాల గదా."

ఆ మాటలో తప్పేమీ లేదు. అదే నాకు ఇంకా మింగుడు పడలేదు.

చెప్పులు విడిచిన చోట బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. లోపల ఇట్లాంటి పిల్లోళ్ళకు సన్మానమని వల్లి పేరు పిలిచి శాలువా ఇచ్చినారంట, మా ఇంటాయన ఒక్కడే పోయి తీసుకున్నాడు. ఇంటికొచ్చి "ఎంత మర్యాద చేసినారో చూడు" అన్నాడు.

బడి వస్తుందేమో, రానీ. ఈ పొద్దు అది అరిస్తే చెయ్యి పట్టుకొని వెలుపలకి తెచ్చేదానికి నేనుండాను. నేను లేని పొద్దు కూడా దాన్ని వెలుపలకి పొమ్మనే వాళ్ళుంటారు. పక్కన కూర్చునేదానికి...