నా వ్యాసంలో సాయి ప్రియ

నవంబర్ 10, ఆదివారం, నంద్యాల
మ్యాట్నీకి వెళ్లాను. ఫ్యామిలీ సినిమా. పిల్లాడి ముఖాన మేకప్‌తో పెద్ద మచ్చ. వాడు మంచివాడు, క్లాస్ ఫస్ట్. చివర్లో బడంతా లేచి చప్పట్లు. హాలంతా ఏడుపు. వాడికి లెక్కల్లో సున్నా వస్తే కొడతారా ఈ చప్పట్లు? ఇంటికొచ్చి ఆ సినిమాను కడిగేస్తూ పేపర్లో నా కాలమ్‌కు వ్యాసం రాశాను. మా అభ్యుదయ సంఘంలో సభ్యుడు, ఆళ్లగడ్డ శిల్పి లక్ష్మన్న కూతురు సాయి ప్రియను అందులో పెట్టాను. పదో తరగతి. పుట్టుకతోనే ఎడమ చెంపంతా నల్లమచ్చ. ముక్కు చెక్కు లేచిన విగ్రహాన్ని పూజకు అమ్మరు, గోడవార పెడతారు. ఈ పిల్లనూ ఊరు అలాగే పెట్టిందని ముగించాను. మంచి ముగింపు.

నవంబర్ 17, ఆదివారం
వ్యాసం వచ్చింది. పదకొండు ఫోన్లు. అందరూ ముగింపునే మెచ్చుకున్నారు.

నవంబర్ 21, గురువారం
లక్ష్మన్న ఫోన్. గొంతు పెంచలేదు. ఏందక్కా ఇట్ల చేస్తివి అన్నాడు. సోమవారం ప్రేయర్‌లో సాయి ప్రియ బడి హెడ్మాస్టర్ నా వ్యాసం చదివించాడట. అప్పట్నుంచి పిల్లలు ఆమెను గోడబొమ్మ అంటున్నారట. మూడు రోజులుగా బడికి పోలేదు, ఇంక పోనంటోందట. నా బిడ్డను ఊర్లో ఎవురూ గోడకు పెట్టల్యాక్కా, నువ్వే పెడితివి అన్నాడు.
నా దగ్గర వాదనలు తప్ప ఏమీ లేవు.

నవంబర్ 22
హెడ్మాస్టర్‌తో అరగంట గొడవ. తప్పు నీదంటే నీదని. ఇద్దరం అభ్యుదయవాదులమే.

నవంబర్ 23, శనివారం, ఆళ్లగడ్డ
షెడ్డు నిండా రాతిపొడి. సాయి ప్రియ ఒక విగ్రహం పాదాలు నునుపు చేస్తోంది. తల ఎత్తలేదు. క్షమించమన్నాను. సవరణ రాస్తాను, నువ్వెంత ధైర్యవంతురాలివో అందరికీ తెలియాలి అన్నాను.
అప్పుడు చూసింది. మళ్లా రాస్తారా మేడం అంది. నా ముఖం సంగతి అందరూ మరిచిపోయి మూడేండ్లయింది, మీరొచ్చి మొదలుపెడితిరి అంది.
ఆమె జేజి, లక్ష్మన్న తల్లి నరసింహమ్మ టీ తెచ్చింది. అమ్మీ, మేడమ్మకు టీ చల్లారిపోతాది, తాగినాక తిట్టుకో అంది.
నేనేం చేయాలో అడిగాను. సోమవారం హెడ్మాస్టర్ సారు బడిలో స్టేజీ ఎక్కించి నాకు సన్మానం చేస్తారంట, అది ఆపండి అంది. ఆపినాక ఊరుకోండి. నా గురించి మంచిగా గూడా రాయొద్దు. అట్లయితే బడికి పోతా.
రాయనని మాటిచ్చాను. నలభై ఏడేళ్లలో నేనిచ్చిన అతి కష్టమైన మాట.

నవంబర్ 25
సన్మానం ఆగింది. హెడ్మాస్టర్ నన్ను వెనకబడిన మనిషన్నాడు. మాట పడ్డాను.

డిసెంబర్ 1, ఆదివారం
పేపర్లో నా కాలమ్ లేదు. ఏది మొదలుపెట్టినా ఆ పిల్ల దగ్గరికే పోతోంది. ఎడిటర్ కారణం అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను.

డిసెంబర్ 2
ఆళ్లగడ్డలో ఒక అమ్మాయి బడికి పోయింది.