కుళాయి సలహా రద్దు కోరుతూ

ఆహార లైసెన్సుల అధికారి గారికి,

బస్టాండు వెనక వీధిలో సూప్ బండి నడిపే నేను రాసుకునే విన్నపం.

లైసెన్సుల పద్ధతిని కొత్తగా మారుస్తున్నామని, ప్రజల సలహాలు కావాలని పోయిన సోమవారం మీరు మమ్మల్ని సభకు పిలిచారు. "మొహమాటపడకుండా చెప్పండమ్మా" అని మైకు నా చేతికిచ్చారు. మా వీధిలో పదకొండు బండ్లకు ఒక్క కుళాయి కూడా లేదని, మలుపులో ఒకటి పెట్టిస్తే గిన్నెలు శుభ్రంగా కడుక్కుంటామని చెప్పాను. మీరు రాసుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

గురువారం కుళాయికి బదులు మీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నీటి వసతి లేదని బండ్లవాళ్లే సభలో ఒప్పుకున్నందున పదకొండు బండ్లూ మూసేయాలని నోటీసులు అంటించారు. "మరి కుళాయి సంగతేంటి సార్?" అని అడిగితే, "లైసెన్సున్న బండ్లకే ఇస్తామమ్మా" అన్నారు. లైసెన్సు రావాలంటే కుళాయి ఉండాలట.

ఆ రోజు నుంచి మా పొయ్యిలు వెలగలేదు. పక్క బండి వదిన నన్ను చూసినప్పుడల్లా, "గొంతు పెద్దదని నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టాం చూడు, మాకుండాలి బుద్ధి" అంటోంది.

కాబట్టి నా సలహాను దయచేసి కొట్టేయండి. ఇన్నేళ్లూ ఇంటి నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చాను, ఇకముందూ మోస్తాను.

రెండో సభకు పిలుపు అందింది. పదకొండు మందిమీ వస్తాం. వీధిలో ఏ లోటూ లేదని ఒకరి తర్వాత ఒకరం మైకులో చెబుతాం, మీరు రాసుకోండి. సభ అయ్యాక నోటీసులు మేమే చింపేసుకోవచ్చో, ఇన్‌స్పెక్టరు గారే వచ్చి చింపుతారో తెలియజేయగలరు.

ఇట్లు,
సూప్ బండి యజమానురాలు