పదిహేడో మాట

రాజమండ్రి, జూన్ 9

ప్రియమైన మీకు,

మన హారతి పోయి ఇవాళ్టికి ఏడాది. రామచంద్రపురం నుంచి అమ్మ వచ్చింది. "అల్లుడుగారు రాలేదేంటమ్మా?" అంది. ఏం చెప్పను? నాలుగు రోజుల జ్వరంలో పిల్ల పోతే మీరు కంటతడి పెట్టలేదు. వారం తిరక్కుండానే విశాఖ లాబ్‌కి వెళ్లిపోయారు. లోపలికి తోసేసిన బాధ ఊరుకోదండి. నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లలో రోజూ చూస్తున్నాను. పిల్లని ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లానని నా మీద మీకు కోపం. ఆ సంగతి మీకే తెలియదు.

మీ సూర్యకళ

విశాఖపట్నం, జూన్ 17

ప్రియమైన సూర్యకళా,

నాకు కోపం లేదు. లేదంటే దాచుకున్నారంటావు, ఉందంటే చూశారా అంటావు. ఎటు చెప్పినా నువ్వే నెగ్గే మాటని సైన్సు ఒప్పుకోదు. నేను మనసు కదిలినప్పుడు మారే నాడి, చెమట యంత్రంతో కొలిచేవాణ్ణి. కొలతకి అందనిదాన్ని ఎలా నమ్మను? వేళకి తిను.

నీ గణేష్‌బాబు

రాజమండ్రి, జూన్ 24

ప్రియమైన మీకు,

అయితే కొలవండి. మీ యంత్రం ముందు మీరే కూర్చోండి. ఎవరిచేతనైనా ముప్ఫై మాటలు చదివించుకోండి. అన్నం, గొడుగు లాంటివాటి మధ్య ఇంటి మాటలూ, నా పేరూ, పిల్ల పేరూ కలపమనండి. నా పేరు దగ్గర ఏమీ కదలకపోతే నాదే తప్పని ఒప్పుకుంటాను.

సూర్యకళ

విశాఖపట్నం, జూలై 11

ప్రియమైన సూర్యకళా,

మా విద్యార్థిని ఉషారాణి చదివింది. నీ పేరు దగ్గర యంత్రం తెర మీద గీత కదల్లేదు. పాప పేరు దగ్గర కాస్త లేచింది. పదిహేడో మాట "ఫోన్". గీత తెర అంచు దాటిపోయింది. "తీగ ఊడినట్టుంది సార్, మళ్లీ చదువుతానండి" అంది. మళ్లీ అంతే.

దెబ్బ ఎక్కడుందో యంత్రం చూపించింది. ఏం దెబ్బో చెప్పలేదు. అందుకు నీ దారిలోనే నన్ను నేను అడుక్కోవాల్సి వచ్చింది.

జ్వరం వచ్చిన మూడో రోజు సాయంత్రం నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు. సైలెంట్‌లో ఉంది, చూసుకోలేదన్నాను. ఏడాదిగా నేనూ అదే నమ్మాను. కాదు. నీ పేరు వెలగడం చూశాను. ప్రయోగం మధ్యలో ఉన్నానని ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఆలస్యం నీది కాదు. శనివారం బయలుదేరనా?

గణేష్‌బాబు

రాజమండ్రి, జూలై 15

ప్రియమైన మీకు,

ఆ సాయంత్రం మీ మాట కోసమే ఆగాను. ఏడాదిపాటు పిల్లని నేనే చంపుకున్నానని బతికాను. కోపం మీకు నా మీద అనుకున్నాను, నిజానికి నాకే మీ మీద. క్షమించానని రాయలేను. అయినా రండి. మీరు ఏడుస్తుంటే ఒకసారి చూడాలి. నేనూ ఇంకా ఏడవలేదండి.

సూర్యకళ