చెయ్యి వదిలితే ఆగేది

పటాన్‌చెరు,
8 జూన్ 1974

వీర్రాజు బావకి, బాపిరాజు నమస్కారం.

నువ్వు మూడోసారి కూడా గ్రిఫ్టన్ కంపెనీ రంపమే కొనమని రాశావు. రాణీగంజ్ కొట్టులో పదేళ్లుగా కరెంటు మిషన్లు అమ్ముతున్నవాడివి, నీ మాట కాదనేంత తెలివి నాకు లేదు. ఇక్కడ నాతో పనిచేయబోయే వడ్రంగి యాదన్నదీ అదే పాట. "గ్రిఫ్టన్ తీస్కో సారూ. బటన్ ఒక్కపారి నొక్కితే చెయ్యి ఇడిసినా తిరుగుతనే ఉంటది, ఏలు గుంజదు. గా వజ్ర ఏంది, పొద్దుందాక మీట పట్టుకొనే ఉండాలె!" అంటాడు. నాకు మాత్రం ఆ వజ్ర కంపెనీదే కావాలి. చెయ్యి వదిలితే ఆగేదే కావాలి. ఇంకోసారి ఎందుకని అడిగితే నీకూ నాకూ మాటలుండవని రాద్దామనుకున్నాను. కానీ నీ దగ్గర దాచి ఎక్కడికి పోతాను?

నాకు మూర్ఛ వస్తోంది బావా. ఏప్రిల్‌లో ఫ్యాక్టరీలో చెక్క అచ్చు చెక్కుతూ పడిపోయాను. వడదెబ్బని అందరినీ నమ్మించాను. పోయిన నెల సంగారెడ్డి బస్టాండులో మళ్లీ వచ్చింది. డాక్టరు మాత్రలిచ్చి, మిషన్ల జోలికి పోవద్దన్నాడు. ఫ్యాక్టరీవాళ్లకి తెలిసి తీసేసేలోగా నేనే రాజీనామా ఇచ్చి బయటపడ్డాను. ఇంట్లోనే సొంత పని పెట్టుకుంటానంటే మీ చెల్లెలు కనకం సరేనంది. తలుపులు, మంచాలు చెయ్యడం తప్ప నాకు వేరే బతుకుతెరువు తెలీదు. నేను పడితే పడతాను, రంపం మాత్రం ఆగాలి. ఈ సంగతి కనకానికి తెలియనివ్వకు. తను జాలిగా చూస్తే భరించలేను.

నీ
బాపిరాజు


పటాన్‌చెరు,
12 జూన్

అన్నయ్యా, నీ చెల్లెలు కనకమహాలక్ష్మి రాసేది.

ఆయనకి వజ్ర పంపకు, నీ కాళ్లు పట్టుకుంటాను. అదే ఎందుకు కావాలంటున్నారో నాకు తెలుసు. చెయ్యి వదిలితే ఆగుతుంది, ఆగుతుంది అని యాదన్నతో పదిసార్లు అంటుంటే విన్నాను. ఆయన దాస్తున్న జబ్బు నేను ఎప్పుడో చూశాను. ఆయనకి తెలిసి ఎన్నిసార్లు వచ్చిందో గానీ, మధ్యాహ్నం నిద్రలో మూడుసార్లు వచ్చింది. లేచాక ఆయనకేమీ గుర్తుండదు. ఒళ్లు నొప్పులంటే వేన్నీళ్లు కాచి ఇచ్చేదాన్ని.

పోయిన ఆదివారం నా చీర కొంగు ఆయన పిడికిట్లో చిక్కింది. నేనూ పక్కింటి నర్సింహమ్మా కలిసి లాగినా వేళ్లు విడలేదు. "జెర ఆగు బిడ్డా, ఏళ్లు ఇరుగుతయి" అని ఆమే భయపడింది. ఆ చెయ్యి వదలదు అన్నయ్యా, బిగుసుకుపోతుంది. మీట ఆ పిడికిట్లోనే ఉండిపోతుంది, రంపం తిరుగుతూనే ఆయన మీద పడుతుంది. చెబితే చిన్నబోతారని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను, తప్పు నాదే. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. అందుకే ఈ కవరు అతికించకుండా, పోస్టులో వెయ్యమని ఆయన చేతికే ఇస్తున్నాను. చదివితే చదవనీ.

నీ చెల్లెలు
కనకం


పటాన్‌చెరు,
13 జూన్

బావా,

పోస్టాఫీసు దాకా వెళ్లాక కవరు అతికించలేదని చూసి, లోపలి ఉత్తరం చదివాను. అక్కడి అరుగు మీదే కూర్చుని రెండోసారి చదివాను. నా చెయ్యి నా మాట వినదని నాకు తెలియదు బావా. అంతా ఆలోచించి పెట్టుకున్నానని ఎంత గర్వపడ్డానో! ఇంటికొచ్చి కనకం ముందు ఏడ్చేశాను. తనూ ఏడ్చింది, ఆ తర్వాత తిట్టింది. అంత తిట్టగలదని పెళ్లయిన పన్నెండేళ్లలో నాకు తెలియదు.

"ఇక నేనెందుకు పనికొస్తాను?" అన్నాను.

"కొలత తప్పకుండా గీత గియ్యడం మీకొచ్చుగా. కొయ్యడం నేను నేర్చుకుంటాను" అంది.

నవ్వబోయి, మొహం చూసి మానుకున్నాను. యాదన్నని పిలిచి చెబితే నోరు తెరిచాడు. "అమ్మ కోస్తదా? రంపం?" అన్నాడు. కనకం కొంగు నడుముకి బిగించింది. అతను తల గోక్కుని, "మంచిగ నేర్పుత తియ్యి. చెక్క నేను పట్టుకుంట" అన్నాడు.

తన ఉత్తరం కూడా ఇందులోనే పెడుతున్నాను. ఆదివారం ఇద్దరం నీ కొట్టుకి వస్తున్నాం. రెండు రంపాలూ బయటికి తీసి ఉంచు. ఏది కావాలని నన్నడగకు, మీ చెల్లెలి చేతికివ్వు.

బాపిరాజు