కదలనన్న కుర్చీ

ఏమండీ, రాగానే మీ తమ్ముణ్ణి మంచం మీంచి లేపి కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. అన్నం మూతపెట్టి ఉంచాను.

మన వీధి మెకానిక్ చక్రాల కుర్చీకి కొత్త బ్యాటరీ వేశాడు, అయినా కదలడం లేదు. తమ బ్యాటరీ కాకపోతే ఆగిపోయేలా కంపెనీవాళ్ళే చేశారట. వాళ్ళ మనిషి రావడానికి మూడు వారాలట. బతిమాలదామని వాళ్ళ ఆఫీసుకు వెళ్తున్నాను.

"వదినా, మళ్ళీ మంచానికి అంటుకుపోవాల్సిందేనా?" అన్నాడు పొద్దున. కాళ్ళెందుకు తీసుకున్నావని దేవుణ్ణే నేనెన్నడూ నిలదీయలేదు. కొనుక్కున్న కుర్చీని బాగుచేసుకోవద్దనడానికి వీళ్ళెవరండీ?

మరిచాను. దాహం లేదంటాడు, నమ్మకండి. బాత్రూముకు ఎత్తుకెళ్ళమని అడగలేక రెండు రోజులుగా నీళ్ళు మానేశాడు. దగ్గరుండి తాగించండి.