తూటాకు ముందు కేక

అన్నా,

నువ్వు చచ్చిపోయిన రోజు ఇదే. అందుకే ఈ సంగతి నీకే చెప్పాలనిపించింది. నా కొడుకు దావీదు బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చాడు. నిన్న ఎర్రగుంట్ల నాపరాళ్ల గనిలో బండ పగలగొట్టే తూటా పేలగానే, వాడూ నీలాగే మంచం కిందికి దూరాడు.

బస్రా యుద్ధం నుంచి వచ్చిన నీకు గాలి సోకిందని ఊరు అంది. పిరికితనమని పటాలం డాక్టరు అన్నాడు. వీడి డాక్టరేమో నరాల అలసట అని నిద్రమాత్రలిచ్చి పంపాడు. పేరు మారింది గానీ మంచం కింద వణుకు అదే.

సాయంత్రం మా అత్త, అప్పట్లో ఊరోళ్లు నీకు పెట్టినట్టే, వాడి నుదుటి మీద వాత పెట్టడానికి కొడవలి కాల్చి తెచ్చింది. లాక్కుని కుడితి తొట్టిలో ముంచేశాను.

"ఏమే, పిల్లోడు బాగుపడేది నీకొద్దా?"

"మా అన్నకు పెట్టినారు గదా అత్తా. యాడ బాగైనాడు?"

పేలుతుందని ముందే తెలిస్తే దావీదు తట్టుకుంటాడు. అందుకే ఈ పొద్దున గనికి పోయి, తూటా పేల్చే ముందు మా వీధిలో కేకేయించమని మేస్త్రీతో తగువు పెట్టుకున్నాను.

"ఒక్కని కోసం అంత దూరమొచ్చి అరవల్లనా?" అన్నాడు.

"ఇద్దరి కోసమప్పా" అన్నాను, నిన్నూ లెక్కేసి.

నీ చెల్లెలు